గడ్డ పూలకు కాపలా: జాలీ, కంకర, కుండీ, మందు... ఏది ఎవరికి పనికొస్తుంది?

జూన్‌లో రెండు మంచి వానలు పడగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పెరళ్లలో లిల్లీ గడ్డలు నాటడం మొదలవుతుంది. దసరా దాటాక గ్లాడియోలస్, డాలియా వంతు. నాటిన పది పదిహేను రోజులకు నర్సరీల దగ్గర వినపడే ప్రశ్న ఒకటే: "గడ్డలు మాయమవుతున్నయి, ఏం చల్లాలె?" అప్పటికే సగం ఆలస్యమైపోయింది. గడ్డ పూల విషయంలో కాపలా అంతా నాటకముందే తేలిపోతుంది. ఏ గడ్డ కొంటున్నాం, దాని కింద ఏం పరుస్తున్నాం అన్న రెండే అసలు లెక్క. నాటిన తర్వాత చల్లే వాటి మీద పెట్టే డబ్బు చాలావరకు మన టెన్షన్ తగ్గించుకోవడానికే పోతుంది.

ముందు దొంగ ఎవరో చూడండి

ఒక జంతువుకు పనిచేసే అడ్డు ఇంకో జంతువుకు పనిచేయదు. అందుకే ఏదైనా కొనేముందు ఆ గుంటను ఒకసారి వంగి చూడాలి.

మొక్క పైకి బాగానే ఉంటుంది, ఒకరోజు పొద్దున ఆకులు వాలిపోతాయి, పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేస్తుంది, కింద గడ్డ ఉండదు. ఇది ఎలుక జాతి పని. దగ్గర్లో గుల్లగా పోసిన మట్టి కుప్ప, దాని కింద మట్టితోనే మూసేసిన బొరియ నోరు కనిపిస్తే అది పొలాల్లో తిరిగే చిన్న పందికొక్కు. లోపల ఉన్నప్పుడు తలుపు వేసుకున్నట్టే మట్టి అడ్డం పెట్టుకుంటుంది. బొరియలు చాలా ఉంటే సాయంత్రం అన్నిటినీ మట్టితో మూసి, తెల్లారి ఏవి తెరుచుకున్నాయో చూడండి. తెరుచుకున్నవే పనిలో ఉన్నవి, మిగిలినవి పాతవి.

పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా తవ్విన గుంటలు, పక్కన కొరికి వదిలేసిన ముక్కలు ఉంటే అది ఏదుపంది. అదృష్టం ఉంటే నలుపు తెలుపు పట్టీల ముల్లు ఒకటి కూడా దొరుకుతుంది, ఇక అనుమానం అక్కర్లేదు. మడి మొత్తం నాగలి పెట్టి దున్నినట్టు తిరగబడి, గిట్టల అచ్చులు ఉంటే అడవి పంది. రెండూ రాత్రి పూటే వస్తాయి.

పగలు జరిగే నష్టం వేరే లెక్క. లేత మొలకలు తెగి, గడ్డ పైకి తేలి అక్కడే పడి ఉంటే కోళ్లో నెమళ్లో కెలికాయని. గడ్డ పీకి, ఒక్క కొరుకు కొరికి, నచ్చక గోడ అవతల పడేస్తే కోతి. ఉడత తవ్వేవి రెండు వేళ్లు పట్టేంత చిన్న గుంటలు, దాని వల్ల పెద్దగా నష్టం ఉండదు. ఇక కుక్క. కుక్క గడ్డ కోసం తవ్వదు, గడ్డ కింద మనం వేసిన ఎముకల పొడి వాసనకు తవ్వుతుంది. ఎండాకాలమైతే తడి మట్టిలో చల్లగా పడుకోవడానికీ తవ్వుతుంది. ఎముకల పొడి బదులు వర్మీ కంపోస్టు, వేప పిండి వేస్తే సగం కుక్కల సమస్య అక్కడే తీరిపోతుంది.

గుంటే లేకుండా గడ్డ మాయమైందని అనిపిస్తే మట్టిని వేళ్లతో నలిపి చూడండి. మెత్తటి ముద్ద, చెడు వాసన తగిలితే అది కుళ్లిపోయింది. నల్లరేగడిలో, నీళ్లు నిలిచే చోట ఇది మామూలే. ఆ కేసులో ఎలుకను తిట్టి లాభం లేదు.

ఎవరూ ముట్టని గడ్డలు

నన్నడిగితే అన్నిటికంటే చవకైన కాపలా ఇదే. అమరిల్లిస్, రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ, క్రైనమ్, మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ అన్నీ ఒకే కుటుంబం. వీటి గడ్డల్లో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. నమిలితే నోరు చేదు, ఆ తర్వాత వాంతులు. ఎలుక, పందికొక్కు మామూలుగా వీటి జోలికి రావు. చలి దేశాల తోటల్లో ఉడతలు తులిప్ గడ్డలను తవ్వుకుని తిని, పక్కనే ఉన్న డాఫోడిల్‌ను వదిలేస్తాయి. డాఫోడిల్ కూడా ఈ కుటుంబానిదే, కారణం కూడా అదే.

మన దగ్గర వీటికి ఇంకో లాభం ఉంది. రెయిన్ లిల్లీ ఎండాకాలమంతా నీళ్లు లేకపోయినా గడ్డలో ప్రాణం పెట్టుకుని ఉంటుంది, మొదటి పెద్ద వానకు నాలుగైదు రోజుల్లో పూస్తుంది. మహబూబ్‌నగర్ ఎర్ర చెలకల్లో బోరు ఎండిపోయిన ఇళ్లకు ఇంతకంటే నమ్మకమైన పువ్వు లేదు. స్పైడర్ లిల్లీని ప్రహరీ వెంబడి గుబురుగా పెడితే చాలు, ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు.

అంటే వీటికి శత్రువే లేదని కాదు. వానల్లో క్రైనమ్, స్పైడర్ లిల్లీ ఆకుల మీద నల్లటి ఒంటిపై తెల్ల మచ్చలున్న గొంగళి పురుగులు గుంపుగా పడతాయి. వదిలేస్తే ఆకు తిని, కాడలోంచి గడ్డ దాకా దిగుతాయి. వాటిని చేత్తో ఏరి సబ్బు నీళ్ల బకెట్‌లో వేయడమే. జాలీలు, బోనులు వాటికి తెలియవు.

అడవి నాభి కూడా ఎవరూ తినని గడ్డే. పువ్వు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ దాని గడ్డలో ఉన్న కోల్చిసిన్ మనిషి ప్రాణం తీస్తుంది. చిన్న పిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో దాన్ని నాటొద్దని నా సలహా.

ఇష్టంగా తినేవి మూడు: డాలియా, మెట్టతామర, గ్లాడియోలస్. మెక్సికోలో డాలియా గడ్డను, ఆండీస్ కొండల్లో మెట్టతామర దుంపను మనుషులే వండుకు తింటారు. మనిషి తినేదాన్ని పందికొక్కు వదులుతుందా? గ్లాడియోలస్‌కు ఇంకో దురదృష్టం నాటే కాలం. అక్టోబర్, నవంబర్‌లో మనం దాన్ని మట్టిలో పెడతాం. సరిగ్గా అప్పుడే వానాకాలం వరి కోతలు మొదలవుతాయి. పొలంలో గింజ, నీడ రెండూ పోయిన ఎలుకలు ఊళ్లోకి, పెరళ్లలోకి మళ్లుతాయి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ లాంటి సాగర్ ఆయకట్టు ఊళ్లలో ఇది ఏటా కళ్లముందు కనపడేదే. యాసంగి పల్లి పీకాక వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇంకో విడత వలస ఉంటుంది.

మన దండల లిల్లీ, అంటే నేల సంపెంగ, నడిమి రకం. దాన్ని వెతుక్కుంటూ రావు, కానీ మడిలో బొరియలు పెడతాయి. ఆ సొరంగాల వల్ల వేళ్లు గాలిలో వేలాడి మొక్క వాడిపోతుంది, తిండి దొరకని రోజుల్లో గడ్డనూ కొరుకుతాయి. పెరట్లో పదో ఇరవయ్యో గడ్డలు పెట్టుకునేవాళ్లకు ఇది పెద్ద ప్రమాదం కాదు. ఎకరం వేసే రైతుకు మాత్రం సమస్యే, ఆ సంగతి కింద చెప్తాను.

ఆన్‌లైన్‌లో తులిప్, హయసింత్ గడ్డలు అమ్ముతున్నారు, వాటికి రక్షణ ఎలా అని అడిగేవాళ్లకు ఒకే మాట. వాటికి పూతకు ముందు మూడు నెలల దాకా గట్టి చలి కావాలి. మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. ఎలుక వదిలినా మన ఎండాకాలం వదలదు. డబ్బులు దాచుకోండి.

జాలీయా, కంకరా, కుండీయా?

తినే గడ్డలే కావాలనుకుంటే ఎంచుకోవాల్సింది ఈ మూడింట్లోంచే.

జాలీ అంటే కోళ్ల జాలి కాదు. హార్డ్‌వేర్ షాపులో జాలీ అనగానే ఆరు మూలల కన్నున్న పల్చటి కోళ్ల జాలి చుట్ట చేతిలో పెడతారు. చవక. కానీ దాని కంతల్లోంచి ఎలుక పిల్ల దూరిపోతుంది, పందికొక్కు పళ్లకు ఆ సన్న తీగ ఆగదు, తడి మట్టిలో తొందరగా తుప్పు పట్టి పొడవుతుంది. అడగాల్సింది అర ఇంచు కన్నున్న జీఐ వెల్డ్ మెష్, అంటే జింక్ పూత వేసిన ఇనుప తీగలను అతికించి చేసిన జాలీ. ధర రెండు మూడింతలు పలుకుతుంది, అయినా ఒకసారి పెడితే ఏళ్లు నిలుస్తుంది. పెట్టే ముందు తీగలను వేలుతో గోకి చూడండి, జింక్ పూత పొరలుగా ఊడితే ఆ సరుకు వద్దు.

బుట్ట చేయడం కష్టమేమీ కాదు. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ముక్క తీసుకుని నాలుగు మూలల్లో అడుగు చదరం చొప్పున కత్తిరించేస్తే కూడిక గుర్తులా మిగులుతుంది. నాలుగు రెక్కలనూ పైకి మడిచి, అంచులను బైండింగ్ వైరుతో కుడితే అడుగు లోతు బుట్ట తయారు. కత్తిరించిన తీగల కొసలు చేతిని చీరేస్తాయి, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. దీన్ని గుంటలో దింపి, అంచు నేల పైకి రెండు ఇంచులు ఉండేలా చూసి మట్టి నింపాలి. గ్లాడియోలస్ అయితే నాలుగు ఇంచుల లోతులో, లిల్లీ అయితే రెండు రెండున్నర ఇంచుల లోతులో నాలుగేసి గడ్డలు పడతాయి. వేళ్లు జాలీ కన్నుల్లోంచి సుఖంగా కిందికి పోతాయి.

పైన మూత సంగతే అందరూ తడబడేది. మొలక వచ్చేదాకా అదే జాలీ ముక్కను మూతగా వేసి, నాలుగు మూలలా కట్టండి. మొలక కనపడగానే తీసేయాలి. తీయడం మరిచిపోతే గ్లాడియోలస్ కాడ అర ఇంచు కన్నులో ఇరుక్కుని వంకర తిరుగుతుంది, తర్వాత తీగ కోసినా సరికాదు. మూత తీశాక పైనుంచి తవ్వే భయం ఉంటుంది కాబట్టి మట్టి మీద రెండు ఇంచుల మందాన కంకర పరవండి. కింద జాలీ, పైన కంకర: నా దృష్టిలో డాలియా, గ్లాడియోలస్‌కు ఇంతకు మించిన ఏర్పాటు లేదు.

లిల్లీకి బుట్ట అంత కలిసిరాదు. రెండు మూడేళ్లు ఒకేచోట ఉంచితే ఒక గడ్డ చుట్టూ బోలెడు పిల్లగడ్డలు పుట్టి బుట్ట గోడలను నెట్టుకుంటూ బిగుసుకుపోతాయి. తీసేటప్పుడు జాలీ కోయాల్సి వస్తుంది. లిల్లీకి బుట్టలు కాకుండా మడి మొత్తానికీ అడుగు లోతులో చుట్టూ జాలీ పాతడం మేలు.

కంకర ఒక్కటే సరిపోదా అంటే, నేలను బట్టి. నల్లగొండ జిల్లాలో క్రషర్లకు కొదవ లేదు. ఇల్లు కట్టినచోట మిగిలిన తట్ట కంకర, చిప్స్ ఊరికే దొరుకుతాయి. గడ్డ చుట్టూ, పైనా పదునైన కంకర నింపితే తవ్వేటప్పుడు గోళ్లకు, మూతికి గుచ్చుకుంటుంది, మట్టి జారి గుంట నిలవదు. పైగా నీళ్లు నిలవక కుళ్లు తగ్గుతుంది. ఉడత, కోడి, కుక్క లాంటి వాటికి ఇది చాలు. పందికొక్కు మాత్రం పక్కనుంచి సొరంగం తెచ్చి కింది నుంచి గడ్డ లాగేస్తుంది. నల్లరేగడిలో అయితే కంకర నిలవదు. ఎండాకాలం పగుళ్లలోకి జారి, వానలకు మట్టి ఉబ్బి, ఒకటి రెండేళ్లలో అంతా కలిసిపోతుంది. అవే పగుళ్లు ఎలుకలకు దారులు కూడా. గద్వాల, అలంపూర్ వైపు నల్ల నేలల్లో జాలీకే ఓటు.

తాండూరు బండ ముక్క ఒకటి ఉంటే ఇంకో తేలిక ఉపాయం. గడ్డ నాటి, నీళ్లు పోసి, పైన బండ పెట్టేయడం. మొలకెత్తే సమయానికి రోజూ ఎత్తి చూస్తుండాలి. కోళ్లు, కుక్కలు, నెమళ్లకు ఇంతకంటే గట్టి తాళం లేదు. బొరియ తవ్వేవాటికి దీంతో పనిలేదు.

కుండీలు అద్దె ఇళ్లవాళ్లకు, బండ పరిచిన వాకిళ్లకు నప్పుతాయి. ఇల్లు మారినప్పుడు గడ్డలు వెంట వస్తాయి, జాలీ రాదు. కుండీని నేరుగా నేల మీద పెడితే అడుగు రంధ్రంలోంచి ఎలుక లోపలికి వస్తుంది. లోపల రంధ్రం మీద జాలీ ముక్క వేసి, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. గ్రో బ్యాగులను ఎలుకలు కొరికేస్తాయి, వాటి బదులు ఖాళీ పెయింట్ డబ్బాలు నయం. రెండు ఇబ్బందులున్నాయి. ఏప్రిల్, మేలో డాబా మీది కుండీలో మట్టి కాగి గడ్డ ఉడికిపోతుంది, నీడకు మార్చాలి. రెండోది కోతులు. కుండీ దొర్లించడం వాటికి ఆట. కోతుల మంద తిరిగే వీధిలో కుండీల కంటే నేలలో జాలీ పెట్టుకోవడమే ప్రశాంతం.

మొలకలను నెమళ్ల నుంచి కాపాడటానికి చాలామంది నైలాన్ వల కప్పుతారు. వల అంచు నేలకు తగిలేలా వదలకండి. ఎలుకల కోసం వచ్చే జెర్రిపోతు అందులో చిక్కుకుని చస్తుంది. మన తరఫున పనిచేసే దాన్ని మనమే చంపుకున్నట్టు. వల వేస్తే గట్టిగా బిగించి, నేల నుంచి జానెడు ఎత్తులో కట్టండి.

చల్లేవి, పూసేవి

కారం పొడి, ఎల్లిగడ్డ రసం, ఇంగువ నీళ్లు, వేప నూనె: ఇవన్నీ వాసన, ఘాటు ఉన్నంతసేపే. ఒక్క వానకు కొట్టుకుపోతాయి. కారం ఘాటు ఎలుకకు, ఉడతకు, కోతికి మనలాగే తగులుతుంది, పక్షులకు తగలదు. నెమలికి, కోడికి కారం చల్లితే మసాలా వేసి పెట్టినట్టే. గడ్డ నాటిన మొదటి రెండు వారాల్లో, వాన లేని రోజుల్లో, ఇంకో గట్టి అడ్డుకు తోడుగా వాడితే పరవాలేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ ఆముదం పండే నేలలు, ఆముదం పిండి ఎరువుగా సులువుగా దొరుకుతుంది. పందికొక్కులు రావని దాన్ని గడ్డల చుట్టూ వేస్తుంటారు. ఆముదం గింజలోని రైసిన్ అనే విషం నూనెలోకి పోదు, పిండిలోనే మిగులుతుంది. సరిగ్గా వేడి చేయని పిండిని కుక్క తింటే ప్రాణం మీదికి రావచ్చు, అందులో ఎముకల పొడి కలిపితే ఇష్టంగా తింటుంది. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో ఆముదం పిండి వద్దు. వేప పిండి వేసుకోండి. పందికొక్కును అది ఆపకపోయినా పురుగుకు, నేలకు మంచిది.

గోడకు ప్లగ్ పెట్టే శబ్దం యంత్రాలు కూడా అమ్ముతున్నారు. ఆ శబ్దం మట్టిలోకి, గోడ అవతలికి పోదు, ఎలుకలు కూడా కొన్నాళ్లకు అలవాటు పడిపోతాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే ఇలాంటివి తయారుచేసి అమ్మే 60కి పైగా కంపెనీలకు, మీ ప్రకటనలకు ఆధారం చూపించండని హెచ్చరిక లేఖలు పంపింది. బొరియల్లో నాఫ్తలిన్ గోళీలు వేయడం కూడా అంతే, పిల్లలకు ప్రమాదం తప్ప ప్రయోజనం లేదు.

బోను, మందు

ఇంటి పెరడుకు బోనే మంచిది. లోపల పల్లీల ముద్ద, ఎండు చేప ముక్క, కాల్చిన కొబ్బరి ఏదైనా పెట్టొచ్చు. మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి ఉత్తి తిండి పెట్టండి, కొత్త వస్తువును పందికొక్కు వెంటనే నమ్మదు. మూడో రాత్రి తలుపు వదలండి. గోడ వారగా పెడితే త్వరగా పడుతుంది, అవి నడిచేది గోడ వెంబడే.

మందు విషయంలో తేడాలు తెలియాలి. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫిన్ వాయువుగా మారి చంపుతుంది, విరుగుడు లేదు. కొద్దిగా తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎరను ముట్టదు. బ్రోమడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు చంపుతుంది. దానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది, కానీ ఆ నాలుగైదు రోజుల్లో మత్తుగా తిరిగే ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా పోతాయి. ఇక ఎలుకల పేస్టు పేరుతో దొరికే పసుపు భాస్వరం మనిషి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, విరుగుడు లేదు. అది ఇంట్లోకి తేవద్దు. ఇరవై గడ్డల కోసం ఇంట్లో విషం పెట్టడం నాకు ఏ లెక్కలోనూ సబబు అనిపించదు. పైగా ఒక ఇంట్లో చంపితే పొలం నుంచి వారంలో కొత్తవి వస్తాయి. మందు పెడితే ఊరంతా, చేలన్నీ ఒకేసారి పెట్టాలి. అది రైతు వేదికలో ఏఈఓతో, అంటే వ్యవసాయ విస్తరణ అధికారితో మాట్లాడి చేసే పని.

ఎకరాల్లో వేసేవాళ్లకు

షాద్‌నగర్ చుట్టుపక్కల నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పంపే రైతులకు పైన చెప్పిన బుట్టలు కుదరవు. లిల్లీ 30, 20 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే ఎకరాకు దాదాపు 67 వేల గడ్డలు పడతాయి. హైదరాబాద్ సింగిల్ రకం అయినా, ప్రజ్వల్ రకం అయినా లెక్క అదే. అక్కడ పని గట్ల దగ్గర మొదలుపెట్టాలి. వెడల్పు గట్లు, గడ్డి పెరిగిన గట్లు పందికొక్కులకు ఊళ్లు. గట్టును సన్నగా చెక్కి, కలుపు లేకుండా ఉంచాలి. మడుల మధ్య టీ ఆకారంలో కర్రలు పాతితే రాత్రి గుడ్లగూబలు వాటి మీద వాలి వేటాడతాయి. ఖర్చు కర్రల వరకే. విషం పెట్టే పొలంలో మాత్రం ఈ కర్రలు పాతొద్దు, వచ్చిన గుడ్లగూబనే చంపినట్టవుతుంది.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉన్న అచ్చంపేట, మన్ననూర్, ఇటు దేవరకొండ, చందంపేట వైపు సమస్య ఎలుక కాదు, అడవి పంది, ఏదుపంది. చుట్టూ పాత చీరలు కట్టడం అందరూ చేసేదే, కొన్ని రోజులు పనిచేస్తుంది. పంది కంటికంటే ముక్కును నమ్ముకుంటుంది కాబట్టి చీరలకు తొందరగా అలవాటు పడుతుంది. ఏటా నష్టం వచ్చేచోట సోలార్ కంచె పెట్టుకోవడమే దారి. అందులో కరెంటు క్షణకాలం మాత్రమే తగిలి ఆగి ఆగి వస్తుంది, జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. స్తంభం నుంచి నేరుగా కరెంటు వైరు లాగడం నేరం, ఆ వైరుకు తగిలి రాత్రి పూట నీళ్లు పెట్టడానికి వచ్చిన మనుషులే చనిపోతున్నారు. ఉచ్చులు కూడా పెట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏదుపందికీ అడవి పందికీ రక్షణ ఉంది, నెమలి అయితే మొదటి షెడ్యూల్‌లోనే ఉంది.

ఏదుపంది ఒక్కటే సమస్య అయితే అంత ఖర్చు అక్కర్లేదు. అది ఎక్కలేదు, దూకలేదు, తవ్వడం, కొరకడం మాత్రమే దాని విద్య. కర్ర కంచెను కొరికేస్తుంది. రాతి కడీల మధ్య నాపరాళ్లు నిలబెట్టి, అడుగు నేలలోకి, రెండు అడుగులు పైకి ఉండేలా చూస్తే చాలు. బత్తాయి తోటలో ఒక మూలన గ్లాడియోలస్ వేసుకునే రైతుకు ఇది సరిపోతుంది.

మీకు ఏది?

పట్టణంలో సొంతిల్లు, చిన్న పెరడు, ఎప్పుడైనా ఒక పందికొక్కు: సగం స్థలం అమరిల్లిస్, రెయిన్ లిల్లీ, మిగతా సగంలో జాలీ బుట్టల్లో గ్లాడియోలస్. ఆయకట్టు ఊరు, ఇంటి వెనకే వరి పొలం: గ్లాడియోలస్ నాటడం నవంబర్ చివరి దాకా ఆపి, కోతల తర్వాత వచ్చే మొదటి ఎలుకల దండు బోనుల్లో పడ్డాక నాటండి. అద్దె ఇల్లు: ఇటుకల మీద పెయింట్ డబ్బాలు. కోళ్లు, కుక్కలు మాత్రమే ఉంటే కంకర, బండ ముక్కలు దాటి పైసా ఖర్చు పెట్టొద్దు. అడవి అంచున ఉండి కంచెకు డబ్బు లేకపోతే డాలియా ఆశ వదులుకుని స్పైడర్ లిల్లీ పెట్టుకోవడం మంచిది, లేదంటే ఏటా గడ్డలు కొని పందులకు మేపినట్టే.

చివరగా నిల్వ. చేలో కాపాడుకున్న గడ్డలను ఇంట్లో పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. గ్లాడియోలస్ పూత అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆకులు పసుపెక్కుతాయి, అప్పుడు తవ్వి, నీడలో ఆరబెట్టి, అక్టోబర్ దాకా దాచాలి. ఉల్లిగడ్డల వల సంచిలో వేసి కొక్కేనికి వేలాడదీయడం మామూలు పద్ధతి, గాలి బాగా ఆడుతుంది. కానీ తాడు పట్టుకుని ఎలుక దిగుతుంది. పాత రేకు బియ్యం డబ్బా మూతకు, పక్కలకు మేకుతో సన్న రంధ్రాలు పొడిచి, పొడి ఇసుక పొరల మధ్య గడ్డలు పేర్చి, ఇంట్లో చల్లని మూలన పెట్టడం నాకు ఎక్కువ నచ్చుతుంది. నెలకోసారి తీసి, మెత్తబడ్డవి ఏరేయండి. అమరిల్లిస్ గడ్డలు దాస్తే డబ్బా మీద పేరు పెద్దగా రాసి వంటింటికి దూరంగా ఉంచండి. పై పొర ఎండాక అది అచ్చం పెద్ద ఉల్లిగడ్డే, తెలియనివాళ్లు కూరలో కోసేయగలరు.